తిరుపతి, చిత్తూరు నుంచి చెన్నైలో వారం రోజులు: ఏ రోజు ఎటు పోవాలి, ఏం కొనాలి, ఎక్కడ తినాలి

తిరుపతి నుంచి చెన్నై రైల్లో మూడు, మూడున్నర గంటల దారి. అంత దగ్గర కాబట్టే మన వైపు వాళ్లకు అది ఆసుపత్రి పనికో, పెళ్లి చీరలకో పొద్దున పోయి రాత్రికి వచ్చేసే ఊరు. వారం ఉండి చూడాలన్న ఆలోచన వచ్చినా "పక్క ఊరే కదా, పోయాక చూసుకుందాం" అంటాం. అక్కడే తేడా కొడుతుంది. శుక్రవారం పోతే మ్యూజియం తలుపులు మూసి ఉంటాయి. ఆదివారం సాయంత్రం రంగనాథన్ వీధిలో పిల్లల చెయ్యి వదలకుండా నడవడమే కష్టం. మధ్యాహ్నం పన్నెండుకు మహాబలిపురం చేరితే కాళ్లు కాలుతాయి. వారాన్ని సెలవు రోజులను బట్టి, పేటలను బట్టి, ఎండను బట్టి అమర్చుకుంటే ఇదే ఊరు చాలా తేలిగ్గా చేతికొస్తుంది. ఆ అమరిక ఇక్కడ రోజువారీగా ఇస్తున్నాం.

ఎప్పుడు పోవాలి

జనవరి, ఫిబ్రవరి అన్నిటికన్నా మంచివి. డిసెంబరు సగం నుంచి జనవరి మొదటి వారాల దాకా సంగీత సభల కాలం. మ్యూజిక్ అకాడమీ లాంటి సభల్లో సాయంత్రం కచేరీలకే టికెట్టు గట్టిగా ఉంటుంది, పగటి కచేరీల్లో చాలావాటికి ఊరికే పోయి కూర్చోవచ్చు. సభల క్యాంటీన్లలో అరిటాకు భోజనం కోసమే వచ్చేవాళ్లున్నారు. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. ఒక్క రాత్రి వానకు వీధుల్లో మోకాటి లోతు నీళ్లు నిలిచే ఊరది, ఆ నెలల్లో వద్దు. కత్తిరి ఎండల్లో కూడా వద్దు. తిరుపతిలో 42 డిగ్రీలు ఓర్చుకున్నవాళ్లం చెన్నైలో 38కి ఏమవుతుందిలే అనుకుంటాం. సముద్రపు తేమ వల్ల అక్కడ చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అందుకే తక్కువ వేడికే ఎక్కువ నీరసం వస్తుంది.

మన వైపు రాకపోకలకు ఇంకో రెండు లెక్కలున్నాయి. ఆడికృత్తిక (జులై-ఆగస్టు) రోజుల్లో తిరుత్తణి దారి, ఆ దారిలోని రైళ్లు కిక్కిరిసిపోతాయి. పెరటాసి నెలలో (సెప్టెంబరు సగం నుంచి అక్టోబరు సగం దాకా) శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం దాకా చెన్నై నుంచి తిరుపతి వచ్చే రైళ్లలో సీటు దొరకడం కష్టం. ఆ నెలలో పోక తప్పదంటే తిరుగు టికెట్టు ముందు తీసుకుని, తర్వాతే పోయే టికెట్టు చూసుకోండి.

ప్రయాణం, బస

తిరుపతి నుంచి పొద్దున బయలుదేరే గరుడాద్రి ఎక్స్‌ప్రెస్‌ ఈ ప్రయాణానికి సరిపోతుంది. పుత్తూరు, నగరి, తిరుత్తణి, అరక్కోణం మీదుగా సెంట్రల్ స్టేషన్‌లో దింపుతుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, కుటుంబంతో పోయేవాళ్లు సెకండ్ సిట్టింగ్ అయినా రిజర్వు చేసుకోవాలి. టైము బుక్ చేసేటప్పుడే సరిచూసుకోండి. చిత్తూరు వాళ్లు నేరు రైలు కోసం కాచుకోవడం కన్నా బస్సులో కాట్పాడి చేరితే మేలు. బెంగళూరు వైపు నుంచి వచ్చే రైళ్లు అక్కడ రోజంతా ఆగుతాయి, రెండు గంటల్లో సెంట్రల్. తిరుపతి నుంచి బస్సులో పోతే చాలావరకు మాధవరం బస్టాండులో దింపుతారు. అది ఊరికి ఉత్తరపు కొస. సామానుతో అక్కడి నుంచి లోపలికి రావడానికే మళ్లీ గంట పడుతుంది, ఆటో ఖర్చు బస్సు చార్జీతో పోటీ పడుతుంది. రైలే నయం.

బస ఎగ్మూరులో చూసుకోండి. చీరల కోసం పోతున్నాం కదా అని టి.నగర్‌లో దిగుతుంటారు. అక్కడ గది ధర ఎక్కువ, సాయంత్రం వీధిలోకి కారు కూడా రాదు. ఎగ్మూరు సెంట్రల్‌ నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్, 10 రూపాయలు. అంతకన్నా పెద్ద లాభం లోకల్ రైలు. బీచ్ నుంచి తాంబరం పోయే లోకల్ ఎగ్మూరు మీదుగానే పోతుంది. ఉత్తరంగా రెండో స్టేషన్ కోట, మూడోది బీచ్. దక్షిణంగా మాంబళం, గిండీ, ఇంకా కిందికి పోయే బండెక్కితే వండలూరు. వారం తిరుగుడులో సగానికి పైగా ఈ ఒక్క లైను మీదే ఐదు, పది రూపాయల టికెట్లతో అయిపోతుంది. పొద్దున ఎనిమిది నుంచి పది, సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది మాత్రం ఆఫీసుల రద్దీ. పెద్దవాళ్లుంటే ఆ వేళల్లో ఎక్కించొద్దు. మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు, ఎక్కి ఉచిత చీటీ తీసుకుంటే చాలు. ఆటోను యాప్‌లో పిలవండి, లేదా ఎక్కకముందే ధర తెగ్గొట్టుకోండి.

గది మాట్లాడేటప్పుడు ఒక మాట అడగాలి: రోజు లెక్క 24 గంటలదా, మధ్యాహ్నం 12కి ఖాళీ చేయాలా? పొద్దున పదికి దిగేవాళ్లకు 12 లెక్క అయితే రెండు గంటలకే ఒక రోజు అద్దె పోతుంది. ఇద్దరికి ఏసీ గది సుమారు 1,800 నుంచి 3,000 రూపాయల మధ్య చూసుకోవచ్చు.

మొదలుపెట్టాల్సింది సోమవారం

ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం, కోటలోని మ్యూజియం రెండూ శుక్రవారం మూస్తారు. వండలూరు జూ, గిండీ పిల్లల పార్కు, పాముల పార్కు, దక్షిణచిత్ర మంగళవారం మూస్తారు. పారిస్ కార్నర్ హోల్‌సేల్ అంగళ్లు, రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్ అంగళ్లు ఆదివారం చాలావరకు తెరవరు. ఈ మూడింటినీ తప్పించుకుంటూ పోతే సోమవారం దిగి ఆదివారం వచ్చేయడం చక్కగా కుదురుతుంది.

సోమవారం: మైలాపూరు

దిగిన రోజు మధ్యాహ్నం దాకా పని పెట్టుకోవద్దు. నాలుగు దాటాక మైలాపూరుకు కదలండి. గుళ్లు మధ్యాహ్నం పన్నెండున్నరకు కాస్త అటూ ఇటూగా మూసి మళ్లీ నాలుగుకు తెరుస్తారు కాబట్టి ముందు పోయి లాభం లేదు. సెంట్రల్ పక్కనున్న పార్క్ టౌన్ స్టేషన్ నుంచి వేళచ్చేరి పోయే రైలెక్కి తిరుమయిలైలో దిగితే కపాలీశ్వరస్వామి గుడి నడక దూరం. దర్శనం అయ్యాక మాడవీధులు చుట్టండి. పూజసామాన్లు, ఇత్తడి దీపాలు, నాట్యం నగలు ఈ వీధుల్లో దొరికినంత రకంగా టి.నగర్‌లో దొరకవు. రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952 అక్టోబరు 19న మొదలుపెట్టిన దీక్షలో ఆయన డిసెంబరు 15న ప్రాణం వదిలింది ఆ ఇంట్లోనే. తెలుగువాళ్లు మైలాపూరు దాకా పోయి చూడకుండా రాకూడదు, పిల్లలను తప్పక తీసుకుపోండి. అది పగటిపూట చూసేది కాబట్టి మొదటి రోజు కుదరకపోతే బుధవారం తిరువల్లిక్కేణి (ట్రిప్లికేన్) పోయేటప్పుడు కలుపుకోండి.

మైలాపూరులో రాత్రి తిండికి పెద్ద హోటలు వద్దు, చిన్న మెస్సు చూడండి. నెయ్యి పొంగలి, అడై, పొడి ఇడ్లీ, చివర ఫిల్టరు కాఫీ. సాంబారు మనకు కాస్త తియ్యగా, కారం తక్కువగా అనిపిస్తుంది. ఊరిబిండి, ఎర్రకారం కోసం వెతక్కండి. కొబ్బరి చట్నీ, మిళగాయ్ పొడిలో నువ్వుల నూనె వేసుకుని తినడమే అక్కడి పద్ధతి. మెస్సుల్లో మంచి రకాలు ఎనిమిదిన్నరకే అయిపోతుంటాయి, ఏడున్నరకే కూర్చోండి.

మంగళవారం: కోట, పారిస్, షావుకారుపేట

ఎగ్మూరులో లోకల్ ఎక్కి కోట స్టేషన్‌లో దిగండి. సెయింట్ జార్జి కోటలోనే సచివాలయం ఉంది కాబట్టి గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, అసలు గుర్తింపు కార్డు చేతిలో పెట్టుకోవాలి. 1639లో ఈ నేలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన చంద్రగిరి విజయనగర రాజుల కింది సామంతుడు. మన ఊరి పక్కనున్న చంద్రగిరి కోటకూ ఈ కోటకూ సంబంధం అదీ. లోపల 1680లో కట్టిన సెయింట్ మేరీ చర్చి, మ్యూజియం చూడటానికి రెండు గంటలు చాలు.

పదకొండున్నరకు బీచ్ స్టేషన్ వైపు వచ్చేయండి. బర్మా బజారులో ఫోన్ సామాన్లు, వాచీలు అమ్ముతారు. బిల్లు ఉండదు, గ్యారంటీ ఉండదు, కొనకపోతేనే మంచిది. ఆ దగ్గర్లో బండ్ల మీద అమ్మే అతో మాత్రం తినండి. బర్మా నుంచి తిరిగొచ్చిన తమిళ కుటుంబాలు తెచ్చిన నూడుల్స్ అది. పచ్చి ఉల్లి, వేయించిన వెల్లుల్లి, చింతపండు నీళ్లు, కారం వేసి చేత్తోనే కలిపిస్తారు.

పారిస్ వీధుల్లో ఒక్కో సందుకు ఒక్కో సరుకు. ఆండర్సన్ వీధి శుభలేఖలకు, కాగితానికి, గోడౌన్ వీధి హోల్‌సేల్ బట్టకు. ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు శుభలేఖల నమూనాలు ఇక్కడ చూస్తే ధర ఎంత తేడా ఉందో తెలుస్తుంది. తెలుగు అచ్చు అక్కడే వేయించుకుంటే అక్షరాల తప్పులు తప్పవు, ఖాళీ కార్డులు కొని తెచ్చి మన ఊళ్లో అచ్చు వేయించండి. మూడు దాటాక మింట్ స్ట్రీట్, షావుకారుపేట. మార్వాడీ, గుజరాతీ అంగళ్ల మధ్య వేడి జిలేబి, కచోరి, చల్లటి బాదంపాలు, ఇంకా ఈ పేటలో పుట్టిన మురుకు శాండ్‌విచ్. రెండు గుండ్రటి మురుకుల మధ్య టమోటా, దోసకాయ ముక్కలు, పచ్చి చట్నీ, మసాలా పెట్టి ఇస్తారు. చేతికిచ్చిన రెండు నిమిషాల్లో తినేయాలి, ఆలస్యమైతే మురుకు మెత్తబడుతుంది. ఈ వీధుల్లో తెలుగులో బేరం చేయవచ్చు, తరతరాలుగా తెలుగు కుటుంబాలున్న పేటలివి.

బుధవారం: మ్యూజియం, తిరువల్లిక్కేణి, మెరీనా

ఎగ్మూరు మ్యూజియం 1851 నాటిది. తొమ్మిదిన్నరకు తెరుస్తారు, తెరిచిన వెంటనే పోయి పన్నెండున్నర దాకా ఉండండి. అన్ని భవనాలూ చుట్టాలనుకుంటే ఏదీ చూసినట్టుండదు. రెండు చోట్ల మాత్రం నిలబడాలి. ఒకటి అమరావతి శిల్పాల గది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చిన స్తూపపు పలకలు అవి. కొన్ని తర్వాత లండన్ పోయాయి, మిగిలినవి ఇక్కడున్నాయి. పలక మీద ఏనుగు కదలిక, గుంపులో ఒక్కో ముఖం ఎలా వేరుగా ఉందో చూడాలంటే రెండడుగుల దూరంలో నిలబడి, కింది వరస నుంచి పైకి చదవండి.

రెండోది కంచు విగ్రహాల గది. తిరువాలంగాడు నటరాజు ఇక్కడే ఉన్నాడు. అరక్కోణం దాటాక మన రైలు ఆ తిరువాలంగాడు స్టేషన్ మీదుగానే వస్తుంది. ముందు ఎదురుగా, తర్వాత పక్క నుంచి చూడండి. ఎత్తిన కాలు, చాచిన చెయ్యి ఎంత బరువుగా ఒక పక్కకు లాగుతున్నా, వంచి ఆనించిన కుడికాలి మీద బొమ్మ మొత్తం తూకంగా నిలబడటం పక్క నుంచి చూస్తేనే తెలుస్తుంది. తిరువెణ్కాడు అర్ధనారీశ్వరుడిని కూడా వదలొద్దు.

ఎండ వేళ గదిలో పడుకుని నాలుగుకు తిరువల్లిక్కేణి పార్థసారథి గుడి. మీసాలున్న మూలవిరాట్టు అక్కడి విశేషం. దర్శనం తర్వాత దగ్గర్లోని రత్నా కేఫ్‌లో సాంబారు ఇడ్లీ. ఇడ్లీ మునిగేదాకా సాంబారు పోస్తారు, అడిగితే మళ్లీ పోస్తారు. అక్కడి నుంచి మెరీనా నడకే. సుండల్, మిరపకాయ బజ్జీ, మాంగా ముక్కలు తినండి, సముద్రంలో మాత్రం దిగొద్దు. ఒడ్డు దగ్గరే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, కింది నీళ్లు లోపలికి లాగుతాయి. మోకాళ్ల దాకా అనుకుని దిగినవాళ్లే కొట్టుకుపోతుంటారు.

గురువారం: మహాబలిపురం

పొద్దున ఆరుకు బయలుదేరకపోతే ఈ రోజు దండగ. రానూపోనూ టాక్సీ మాట్లాడండి. దక్షిణచిత్ర దగ్గర రెండు గంటలు ఆగాలని ముందే చెబితే తర్వాత వెయిటింగు చార్జీ గొడవ ఉండదు. పంచరథాల దగ్గర నీడ లేదు, అందుకే ముందు అక్కడికే పోవాలి. ఒక్కో రథం రాతిని పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చి చేసింది. కొన్నిటి కింది భాగం చెక్కకుండా అలాగే వదిలేశారు, పని ఏ వరసలో సాగిందో అక్కడ కనిపిస్తుంది. తర్వాత తీరపు గుడి. రెంటికీ ఒకే టికెట్టు, 40 రూపాయలు, 15 ఏళ్లలోపు పిల్లలకు ఊరికే. మొదటి చోట చింపి పారేస్తే రెండో చోట మళ్లీ కొనాలి. చివరగా అర్జున తపస్సు, ఆ కొండ మీది గుహలు. అక్కడ చెట్లున్నాయి, పదకొండు గంటలకు కూడా తిరగవచ్చు.

రాతి బొమ్మ కొనాలనుంటే రోడ్డు పక్క శిల్పుల దగ్గరే కొనండి. జానెడు వినాయకుడికి మొదట చెప్పిన ధరలో సగం దగ్గర బేరం మొదలుపెట్టవచ్చు. గోరుతో గీస్తే పొడి రాలితే అది మెత్తటి మాకురాయి (బలపపు రాయి), నల్లరాయి పేరు చెప్పి అమ్మనివ్వొద్దు.

తిరుగు దారిలో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర. దక్షిణాది పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ కట్టిన చోటు, ఉత్తరాంధ్ర చుట్టిల్లు కూడా ఉంది. మధ్యాహ్నపు ఎండలో నీడపట్టున తిరగవచ్చు.

శుక్రవారం: టి.నగర్

పట్టు, బంగారం కొనుగోలుకు వారాంతం వద్దు, సాయంత్రం వద్దు. శుక్రవారం పదింటికి మాంబళం స్టేషన్‌లో దిగండి. బయటికొస్తే రంగనాథన్ వీధే. మూటలతో తిరిగి వచ్చేటప్పుడు ఆ గుంపులో పడకుండా బస్టాండు నుంచి స్టేషన్ దాకా వేసిన ఆకాశ వంతెన మీదుగా రండి. పట్టు అంగళ్లన్నీ చుట్టూ ఉన్న పానగల్ పార్కుకు ఆ పేరు మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా చేసిన పానగల్ రాజా వల్ల వచ్చింది. ఆయన పుట్టింది మన కాళహస్తిలోనే.

ఏం కొనాలన్నది ఇంట్లోనే రాసుకోండి. కలంకారీ చెన్నైలో కొనొద్దు, కాళహస్తిలో చేసినవాళ్ల దగ్గరే కొనవచ్చు. వెంకటగిరి చీరకూ అంతే. చెన్నైలో కొనాల్సింది కంచిపట్టు, ఎందుకంటే ఒక్క వీధిలో అన్ని ధరల్లో పోల్చి చూడవచ్చు.

చీర చేతికిచ్చాక ముందు అసలు పట్టని చెప్పే సిల్క్ మార్క్ చీటీ ఉందా చూడండి. తర్వాత తిరగేసి అంచు, ఒడలు కలిసే చోట పట్టుకోండి. రెండు రంగులను విడిగా నేసి కలిపిన చీరలో ఆ కలయిక రంపపు పళ్లలా కనిపిస్తుంది, వేలితో రాస్తే చిన్న గట్టులా తగులుతుంది. మిషను మగ్గం చీరలో గీత గీసినట్టు నున్నగా ఉంటుంది. జరీ సంగతి నోటి మాటగా నమ్మొద్దు. అసలు వెండి జరీనా, రాగి మీద పూతదా, ప్లాస్టిక్ జరీనా అన్నది బిల్లులో రాయమనండి. రాయనంటే ఆ ధర పెట్టనక్కర్లేదు. కొంగు చివర పోగు ఒకటి ఇస్తే కాల్చి చూడండి: పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది, పాలిస్టరు అయితే కరిగి ముద్దకడుతుంది. రంగును ట్యూబులైట్ల కింద కాక వాకిట్లోకి తెచ్చి చూడాలి. మెరూన్‌కూ అరక్కు(లక్క రంగు)కూ తేడా ఇంటికొచ్చాక తెలిస్తే లాభం లేదు.

బంగారం కొనేవాళ్లు మూడు అంకెలు వేరుగా అడగాలి: ఆ రోజు గ్రాము ధర, తరుగు శాతం, రాళ్ల బరువు. ప్రకటనల్లో గ్రాము ధర తగ్గించి చూపి తరుగులో లాగడం మామూలే. రాళ్ల బరువును బంగారం ధరకు కట్టించుకోకుండా చూసుకోండి. నగ మీద ఆరు అక్షరాల హాల్‌మార్క్ సంఖ్య ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే స్వచ్ఛత కనిపిస్తుంది. అంగట్లో ఉండగానే కొట్టి చూడండి.

పాండీ బజారు సాయంత్రానికి ఉంచుకోండి. వెడల్పాటి నడకదారి, కూర్చోవడానికి బల్లలు, గాజులు, కమ్మలు, చెప్పులు. ఇక్కడ బేరం ఉంది, పెద్ద అంగళ్లలో లేదు.

శనివారం, ఆదివారం

శనివారం పిల్లలది. చిన్నవాళ్లుంటే గిండీలో పిల్లల పార్కు, పాముల పార్కు పక్కపక్కనే ఉన్నాయి, రెండు మూడు గంటల్లో అయిపోతాయి. తిరుపతి జూ చూసిన పిల్లలకు వండలూరు కొత్తగా ఏమీ అనిపించకపోవచ్చు. పోవాలనుకుంటే మాత్రం తొమ్మిదికే లోపల ఉండాలి, మధ్యాహ్నానికి జంతువులన్నీ నీడలో పడుకుంటాయి. రాత్రికి బిరియానీ తినండి. సీరగ సాంబా బియ్యంతో చేసేది అడగండి. గింజ జీలకర్రంత సన్నగా ఉండి మసాలా పీల్చుకుంటుంది. బాస్మతి బిరియానీ మనకు తిరుపతిలోనూ దొరుకుతుంది.

ఆదివారం సామాను సర్దుకునేటప్పుడు పట్టు చీరలను ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి నూలు గుడ్డలో చుట్టండి, చెమ్మ పట్టి జరీ నల్లబడకుండా ఉంటుంది. గది ఖాళీ చేశాక రైలుకు టైముంటే సెంట్రల్ క్లోక్‌రూములో పెట్టెలు పెట్టవచ్చు. తాళం లేని పెట్టె తీసుకోరు, రైలు టికెట్టు, గుర్తింపు కార్డు చూపాలి. బంగారం, డబ్బు అందులో పెట్టొద్దు. గరుడాద్రి సాయంత్రం సెంట్రల్‌లో బయలుదేరుతుంది. చిత్తూరు వాళ్లు కాట్పాడి చేరే వేళకు ఊరికి బస్సు ఉండేలా, చీకటి పడకముందే అక్కడ దించే రైలు చూసుకోండి.